జోడుమచ్చ

కోడూరు,
6-2-2004.

అమ్మాయి భార్గవికి,

నాలుగు రోజులుగా పొద్దున ఎనిమిదైనా మంచు విడవటం లేదు. చేసిన కూజాలు ఆరటం లేదు. నీడలోవి ఎండలోకి, ఎండలోవి నీడలోకి మార్చటంతోనే సరిపోతోంది. ఇవాళ కాస్త ఎండ కాసింది. పదకొండు కూజాలకి జాజు పూత పూశాను. మీ అత్తయ్య మెడలు నున్నగా రుద్దింది. మధ్యాహ్నం నుంచి మట్టి తొక్కాను. మోకాలి నొప్పి తగ్గలేదు. మట్టికి ఆ సంగతి తెలియదు కాబట్టి తొక్కాల్సినంతా తొక్కాను.

నువ్వు వచ్చి వెళ్లి వారం అయింది. నీ కెమెరాలో రీలు లేదు కదా, ఫోటో ఎలా పడిందని మీ అత్తయ్య ఇంకా అడుగుతూనే ఉంది. "భార్గవి టిక్కు టిక్కుమనిపించి మనల్ని ఆడించి పోయింది" అంటోంది. ఒక్క ఫోటో పంపించు, ఆవిడ నోరు మూతపడుతుంది.

బందరు హస్తకళల ఆఫీసు నుంచి మాధవీలత గారు కార్డు రాశారు. హైదరాబాదు ప్రదర్శన మార్చి పదిహేనున మొదలు, పదిహేను రోజులు. మన జిల్లా నుంచి ఒక్క కుమ్మరినే తీసుకుంటారట. నీ ఫోటోలు హైదరాబాదు పెద్దలు చూస్తారు. వాళ్లకి నచ్చితే ఆవిడ మా ఇంటికి వచ్చి చూస్తుంది. ఈ నెల ఇరవై ఎనిమిదిన పేరు ఖాయం చేస్తారు.

నువ్వు వచ్చినప్పుడు చెప్పనిది ఒకటి ఉంది. మీ అత్తయ్య తమ్ముడు కొండలరావు తన చేపల చెరువుకి కాపలా ఉండమంటున్నాడు. ఉగాది నాటికి మాట చెప్పాలి. ఒకప్పుడు వేసవిలో ఏడుసార్లు ఆవం పెట్టి కూజాలు కాల్చేవాళ్లం. కిందటేడు మూడుసార్లే కాల్చాను, అందులోవి కూడా కొన్ని ఇంకా చూరు కిందే ఉన్నాయి. ఈ ప్రదర్శన వస్తే సారె తిరుగుతుంది. రాకపోతే టార్చిలైటు పట్టుకుని చెరువు గట్టు మీద నేను తిరుగుతాను. అది చెడ్డ పనేం కాదు. కాకపోతే చేపలు వాటంతటవే పెరుగుతాయి, నేను చేసేది ఏమీ ఉండదు.

నువ్వు తీసుకెళ్లిన కూజాలో నీళ్లు చల్లబడుతున్నాయా? దాని జోడీ మా వంటింట్లో ఉంది. అక్కయ్యని అడిగానని చెప్పు.

మావయ్య,
దైవాధీనం.


గుడివాడ,
10-2-2004.

మావయ్యకి నమస్కారాలు.

ఇక్కడా మంచే. రైలుపెట్టె కనబడదు, కూత మాత్రం వినబడుతుంది. మీ వీధి కిరాణా కొట్టుకి ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే కొట్లో ఉన్నవాళ్లందరూ నాతో మాట్లాడతారు, మీరు తప్ప. అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

స్టూడియోలో పెళ్లిళ్ల పని విపరీతంగా ఉంది. డిజిటల్ కెమెరా కొన్నప్పటి నుంచి మా యజమాని పిచ్చేశ్వరరావు గారు రోజూ దాన్ని ఆయనే తుడిచి ఆయనే బీరువాలో పెడతారు. పెళ్లిళ్లలో తీసేది ఆయన, కంప్యూటర్లో సరిచేసేది నేను. మీ ఊరు తేవటానికి ఒక్కరోజు ఇమ్మని బతిమాలాల్సి వచ్చింది.

మీ ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. అన్నిటికంటే మీరు నాకిచ్చిన కూజా. దాన్ని ఇక్కడే నీలం తెర ముందు పెట్టి తీశాం. అదే మొదటి ఫోటో. రెండు రోజులు కూర్చుని అన్నీ శుభ్రం చేశాను. పెళ్లికూతురికి ఎంత శ్రద్ధగా చేస్తామో అంత శ్రద్ధగా చేశాను. పిచ్చేశ్వరరావు గారు చూసి, "ఇది మట్టిదా మైనందా?" అన్నారు. ఆయన నోటి నుంచి మెచ్చుకోలు రావటం నేను చేరాక ఇదే మొదలు. నిన్న అన్నీ ఒక సీడీ మీద కాల్చి మాధవీలత గారికి పోస్టు చేశాను.

కాగితం మీద ఫోటోలు కావాలంటే బందరులో వేయించాలి. మా ఆల్బమ్‌లు తీసుకుని స్టూడియోలో పనిచేసే ఖాసిం వారానికోసారి వెళ్తాడు. ఈసారి మీవి కూడా వేయిస్తాను. అప్పటిదాకా అత్తయ్యని కాస్త నమ్మమనండి.

చెరువు సంగతి అమ్మకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాదు, చూడండి.

మీ కూజాలో నీళ్లు చల్లగా ఉన్నాయి. మా స్టూడియో వాళ్లు ఫ్రిజ్ వైపు వెళ్లటం మానేశారు.

భార్గవి.


కోడూరు,
17-2-2004.

అమ్మాయి భార్గవికి,

మంచు పోయింది. ఆదివారం ఆవం పెట్టి, నిన్న పొద్దున విప్పాం. నలభైలో ఒకటి పగిలింది.

సీడీ కాల్చి పంపానని రాశావు. అది చదివి మీ అత్తయ్య, "కాల్చేస్తే ఆవిడ ఏం చూస్తుంది?" అని కంగారుపడింది. కాల్చకపోతే ఏదీ గట్టిపడదు, సీడీ కూడా అంతే అయి ఉంటుందని నచ్చచెప్పాను.

నిన్న మాధవీలత గారు వచ్చారు. మంచి మనిషి. మంచం వేస్తే వద్దని పీట మీద కూర్చుంది. సారె తిప్పించి చూసింది, అప్పుడే విప్పిన కూజాలు చూసింది. తర్వాత సంచిలోంచి ఒక కాయితం తీసింది. రంగుల ఫోటో. నీలం తెర ముందు ఎర్రటి కూజా.

"హైదరాబాదు వాళ్లు ఇంతమందిలో ఈ కూజాని ఎంచారండి. దీన్ని చేసిన మనిషినే పంపమన్నారు. ఇది మీదే కదా దైవాధీనం గారూ?" అంది.

చూశాను. "కాదండి" అన్నాను.

"సరిగ్గా చూడండి."

"చూశానండి. నాది కాదండి."

"మరి ఎవరిదండి?"

"నందివాడ ఎల్లయ్య బావదై ఉంటుందండి. ఆయనవి ఇంత తేటగా దిగుతాయి" అన్నాను.

మీ అత్తయ్య వెనక నుంచి నా చొక్కా లాగింది. లాగితే మాత్రం పరాయివాడి కూజాని నాదని ఎలా చెప్పను? ఆవిడ ఎల్లయ్య బావ పేరు, ఊరు రాసుకుని వెళ్లింది.

ఎక్కడో పొరపాటు జరిగి, వేరే కూజా ఫోటో పంపినట్టున్నావు. బావని నువ్వు ఎప్పుడు కలిశావో నాకు తెలియదు. నిన్ను తప్పుపట్టటం లేదు. బావదీ మంచి పనే. కానీ నాకు అవకాశం పోయింది. కొండలరావుకి కబురు పెట్టమని మీ అత్తయ్య అంటోంది. ఉగాదికి ఇంకా నెల పైన ఉంది కదా అన్నాను.

దైవాధీనం.


గుడివాడ,
19-2-2004.

మావయ్యా,

మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పిచ్చేశ్వరరావు గారు ఎవరైనా పోయారా అని అడిగారు.

అది మీ కూజానే. మీరు మీ చేత్తో నాకిచ్చిందే. నాది కాదని మీరు చెప్పిన కూజాలో నేను ఈ ఉత్తరం రాస్తూ నీళ్లు తాగుతున్నాను.

శుభ్రం చేశానని రాశాను కదా. కూజా పొట్ట పైన, భుజం దగ్గర ఒక పక్క అరచేయంత నల్ల మచ్చ ఉంది. పొగ అంటుకుందేమో అనుకున్నాను. కంప్యూటర్లో మచ్చలు తీసే పనిముట్టు ఒకటి ఉంది. పెళ్లికూతుళ్ల మొహం మీద మొటిమలు, పుట్టుమచ్చలు దాంతోనే తీస్తాం. పక్కనున్న మంచి చర్మం తెచ్చి మచ్చ మీద పరుస్తుంది. అలాగే ఎర్రమట్టి తెచ్చి నల్లమచ్చ మీద పరిచాను. మెడ మీద మీ వేలి గీతలు కూడా కొంచెం సర్దాను. అవి వంకరగా ఉన్నాయనుకున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాను. ఒరిజినల్ విడిగా దాచి, కాపీ మీద పనిచేయాలి. నేను ఒరిజినల్ మీదే చేసి దాని మీదే సేవ్ చేశాను. ఇప్పుడు అది లేదు.

మాధవీలత గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది. "చేసిన మనిషే తనది కాదన్నాక, మేనకోడలు అవునంటే ఎలా రాసుకోనమ్మా? నందివాడ కూడా వెళ్లి అడిగి వస్తాను" అన్నారు.

కొండలరావు గారికి కబురు పెట్టకండి. ఇరవై ఎనిమిది వరకు ఆగండి.

భార్గవి.


కోడూరు,
21-2-2004.

భార్గవికి,

గాలి ఎక్కువగా ఉంది. ఆరబెట్టినవి బీటలు తీస్తాయని తాటాకులు కప్పాం.

నీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది. ఒక పూట ఉంది. తర్వాత మీ అత్తయ్య నవ్వటం మొదలుపెట్టింది. "ముప్పయ్యేళ్లు చేసిన కూజాని గుర్తుపట్టలేని మనిషి, చెరువులో ఎవరి చేపలు ఎవరివో ఎలా గుర్తుపడతాడు?" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతోంది. ఇప్పటికి తొమ్మిది మందికి చెప్పింది. కోపం నిలబడటానికి చోటు లేకుండా పోయింది.

నువ్వు తీసేసినది పొగ మరక కాదు. ఆవంలో కూజాలు రెండేసి చొప్పున ఒకదానికొకటి ఆనించి పెడతాం. ఆనిన చోటికి మంట పోదు, పొగ పోతుంది. అక్కడ రెండింటికీ నల్లగా పడుతుంది. మా నాన్న దాన్ని జోడుమచ్చ అనేవాడు. ఒకదాని మచ్చ రెండోదాని మచ్చకి సరిపోతుంది. ఇక్కడ కొనేవాళ్లు ముందు ఆ మచ్చ మీదే గోటితో కొట్టి చూస్తారు. అక్కడ కూడా ఖంగుమంటే నిండా కాలినట్టు. మచ్చ లేని కూజా చూపిస్తే "ఇదెక్కడిది దైవాధీనం?" అంటారు. నేనూ అదే అన్నాను. ఎల్లయ్య బావ మధ్యలో ఊక పోసి దేనికదే కాలుస్తాడు కాబట్టి ఆయనవాటికి మచ్చ ఉండదు.

బావ సంగతి విను. నిన్న సైకిలు వేసుకుని, బస్సెక్కి, మళ్లీ సైకిలు అద్దెకి తీసుకుని వచ్చాడు. మాధవీలత గారు ఆయనకీ ఫోటో చూపించారట. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "నాది కాదమ్మా. ఈ భుజం వంపు నాకు రాదు. మా దైవాధీనం చెయ్యాలి ఇది" అన్నాడట. నేను ఆయనదన్నాను, ఆయన నాదన్నాడు. ఇప్పుడు ఆ కూజాకి చేసినవాడు లేడు.

బావ నా దగ్గర రెండు గంటలు కూర్చుని, "నాదని చెప్పి ఉంటే హైదరాబాదు చూసేవాణ్ణి కదరా" అని నవ్వి, చేపలపులుసు తిని వెళ్లాడు.

ఒకటి అడుగుతాను. తీసిన మచ్చ ఎక్కడో పెట్టి ఉంటావు కదా. మళ్లీ దాన్ని దాని చోట పెట్టలేవా?

దైవాధీనం.


గుడివాడ,
24-2-2004.

మావయ్యకి,

తీసిన మచ్చ ఎక్కడా ఉండదు మావయ్యా. అదే దీంతో వచ్చిన చిక్కు. కానీ కొత్త మచ్చ వేయవచ్చు. వేశాను కూడా. పది నిమిషాల పని. పిచ్చేశ్వరరావు గారు చూసి, "అసలుదాని కంటే బాగుంది, పంపించెయ్" అన్నారు.

కూజా పక్కనే బల్ల మీద ఉంది. దాని మచ్చ చూశాను, నేను వేసిన మచ్చ చూశాను. నాది గుండ్రంగా, ఒకటే నలుపుతో ఉంది. దానిది ఒక పక్క పల్చబడి, బూడిద రంగులోకి తిరిగి, చివర సన్నగా తోకలా సాగింది. ఇది పంపితే మీరు మళ్లీ నాది కాదంటారు. తీసేశాను.

ఇంకో పని కూడా చేశాను, తిట్టకండి. అసలు మచ్చ పోతుందో లేదో చూద్దామని కొబ్బరి పీచు పెట్టి తోమాను. అరగంట తోమాను. నా గోళ్లు అరిగాయి కానీ అది అలాగే ఉంది.

కొత్తగా ఫోటో తీసి పంపుతానని మాధవీలత గారిని అడిగాను. "ఒకసారి మచ్చ తీసినదానివి, రెండోసారి మచ్చ పెట్టలేవా? నీ ఫోటోలు ఇక వద్దమ్మా. వస్తువు తెచ్చి చూపించండి" అన్నారు. అందులో తప్పేమీ లేదు.

అప్పుడు మీ ఉత్తరంలో మాట గుర్తొచ్చింది. ఒకదాని మచ్చ రెండోదాని మచ్చకి సరిపోతుందన్నారు. దీని జోడీ మీ వంటింట్లో ఉందన్నారు. శనివారం ఇరవై ఎనిమిదిన మీరు ఆ జోడీ తీసుకుని పొద్దున్నే బందరు వెళ్లండి. ఈ కూజాని ఖాసిం తెస్తాడు. పదకొండింటికి మాధవీలత గారు ఉంటానన్నారు. నేను కూడా రావాలనుకున్నాను కానీ శనివారం రెండు పెళ్లిళ్లున్నాయి, పిచ్చేశ్వరరావు గారు కదలనివ్వరు.

ఫోటోలో ఉన్నది ఇదేనని ఆవిడకి తెలియటానికి అంచు మీద చిన్న పెచ్చు ఊడి ఉంది చూడండి. అదృష్టం కొద్దీ దాన్ని నేను ఫోటోలో సరిచేయటం మర్చిపోయాను.

భార్గవి.


కోడూరు,
29-2-2004.

అమ్మాయి భార్గవికి,

ఎండలు మొదలయ్యాయి. మట్టి తొక్కటం పొద్దున్నే కానిచ్చాను.

నిన్న బందరు వెళ్లాను. కూజాని చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ఖాసిం నాకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నీ కూజా అతని ఒళ్లో ఉంది. "కండక్టరు దీనికీ టిక్కెట్టు తియ్యమన్నాడు మావయ్యా. చంటిబిడ్డ అన్నాను, ఊరుకున్నాడు" అన్నాడు. హుషారైన మనిషి.

మాధవీలత గారు ముందు ఫోటో తీసి, నీ కూజా అంచు మీది పెచ్చు చూసింది. ఫోటోలో ఉన్నది ఇదేనని ఒప్పుకుంది. తర్వాత రెండు కూజాలూ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టింది. ఆ మచ్చ వైపు ఈ మచ్చ తిప్పింది. నీదాని మచ్చ భుజం దగ్గర ఉంది. మాదాని మచ్చ అడుగుకి దగ్గరగా ఉంది. రెండింటికీ మధ్య జానెడు తేడా.

"కలవటం లేదండీ" అంది.

ఖాసిం నా మొహం చూశాడు. ఆఫీసులో ఇంకో ఇద్దరు లేచి వచ్చి చూశారు. వాళ్లలో ఒకాయన, "ఏ రెండు కూజాలు తెచ్చినా రెండు మచ్చలుంటాయి" అన్నాడు.

"నిలబెడితే కలవవండి. ఆవంలో అవి నిలబడి కాలలేదు" అన్నాను.

బల్ల మీద చీర పరవమన్నాను. నీ కూజాని పడుకోబెట్టి మెడ కిందికి వంచాను. ఆవంలో ఎప్పుడూ మెడ లోపలికి, అడుగు బయటికి పెడతాం. మాదాన్ని దాని భుజం మీదికి వాల్చి, కొంచెం తిప్పాను. మచ్చ మీద మచ్చ కూర్చుంది. నువ్వు తోక అని రాశావే, అది కూడా దీని మీది తోకలో కలిసింది. మాధవీలత గారు వంగి, మధ్యలోకి కాయితం దూర్చి చూసింది. దూరలేదు.

కాయితం పక్కన పెట్టింది. తర్వాత అడిగింది: "మరి ఆ రోజు నాది కాదన్నారేమండీ?"

"ఆ రోజు మీరు చూపించింది కూజా కాదు కదండీ. కాయితం" అన్నాను.

ఖాసిం పెద్దగా నవ్వాడు. ఏ రెండు తెచ్చినా మచ్చలుంటాయన్న ఆయన, వేరే రెండు తెస్తే ఇలా కలుస్తాయా అని తనలో తనే గొణుక్కుంటూ పోయి కుర్చీలో కూర్చున్నాడు.

ఆవిడకి ఇంకో అనుమానం వచ్చింది. "హైదరాబాదు వాళ్లు మచ్చ లేని కూజా చూసి ఎంచారు. మచ్చలున్నవి తీసుకెళ్తే పాడైన సరుకు అనుకోరూ?"

"నేనూ అక్కడే ఉంటాను కదండీ. చెబుతాను. గోటితో కొట్టి వినమంటాను" అన్నాను.

ఆవిడ గోటితో కొట్టి చూసి, నా పేరు రాసింది. ప్రదర్శన పుస్తకంలో వేయటానికి వాళ్ల కెమెరాతో కొత్త ఫోటో తీయించి, అక్కడే కాయితం మీద వేయించింది. రెండూ పడుకుని ఉన్న ఫోటో. ఈసారి నా చేతిలో పెట్టి, "ఇది మీదేనా?" అని అడిగి, అవునన్నాకే కవర్లో పెట్టింది.

నీ కూజా ఖాసింకే ఇచ్చి పంపాను. జోడీని హైదరాబాదు తీసుకెళ్దామంటే మీ అత్తయ్య ఒప్పుకోలేదు. ఇంట్లో నీళ్లు దేంట్లో తాగాలంది.

కొండలరావుకి వేరే మనిషిని చూసుకోమని చెప్పాను.

మావయ్య,
దైవాధీనం.


గుడివాడ,
3-3-2004.

మావయ్యకి, అత్తయ్యకి నమస్కారాలు.

ఖాసిం ఇక్కడ ఆ కథ మూడుసార్లు చెప్పాడు. ప్రతిసారీ ఆఫీసులో మనుషులు పెరుగుతున్నారు. మొదట ఇద్దరు, తర్వాత ఎనిమిది మంది, నిన్న చెప్పినప్పుడు వరండా నిండిపోయింది. చివర్లో మాధవీలత గారు కూజాకి దణ్ణం పెట్టారంటున్నాడు. అది నేను నమ్మలేదు.

ఇక్కడ కూడా ఒకటి జరిగింది. నిన్న ఒక పెళ్లికూతురి నాయనమ్మ గారు ఆల్బమ్ పట్టుకుని స్టూడియోకి వచ్చారు. "పెదవి పక్కన పుట్టుమచ్చ ఏదయ్యా? నాకూ ఉంది, మా అత్తగారికీ ఉండేదట. ఈ పిల్లెవరు?" అని పిచ్చేశ్వరరావు గారిని నిలదీశారు. నేను లోపలికి వెళ్లి ఒరిజినల్ తీశాను. మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఫోటోకీ ఒరిజినల్ విడిగా దాస్తున్నాను. ఆవిడ స్క్రీన్ మీద మచ్చ చూసుకుని, కూర్చుని, మీ కూజాలో నీళ్లు తాగి, ఇదెక్కడ దొరుకుతుందని అడిగారు. మీ ఊరు రాసిచ్చాను.

ఇప్పుడు పిచ్చేశ్వరరావు గారు ప్రతి పెళ్లివారినీ మచ్చలు ఉంచాలా తీయాలా అని ముందే అడిగి రాసుకుంటున్నారు.

అమ్మ హైదరాబాదు ప్రయాణానికి కారప్పూస చేస్తానంటోంది. పెట్టెలో చోటు ఉంచండి. కూజాలు ఎలా తీసుకెళ్తున్నారో రాయండి.

భార్గవి.


కోడూరు,
13-3-2004.

భార్గవికి,

వారం రోజులుగా ఎండ బాగా కాసింది. ఏడో తారీకున ఆవం పెట్టాం. అరవై కూజాలు. రెండు పగిలాయి, మిగతావి జోడీలుగా దిగాయి. ఏ జోడీ ఏదో తెలియటానికి మీ అత్తయ్య మెడలకి జోడీకో రంగు దారం కట్టింది. ఎల్లయ్య బావ నందివాడ నుంచి మెత్తటి ఎండుగడ్డి రెండు మోపులు తెచ్చి, తనే దగ్గరుండి కట్టలు కట్టాడు. రాత్రికి ఉండమన్నా ఉండలేదు.

కారప్పూస అందింది.

ఖాసిం మాట్లాడిపెట్టిన వ్యాను ఇవాళ పొద్దున ఐదున్నరకి వచ్చింది. కూజాలు అందులో వెళ్లాయి. దారిలో డ్రైవరు గబగబా తోలతాడేమోనని మీ అత్తయ్య ముందున్న ఒక్క సీట్లో కూర్చుని వాటితోపాటు వెళ్లింది. నేను ఈ ఉత్తరం డబ్బాలో వేసి పదింటి బస్సుకి బయల్దేరుతున్నాను.

దైవాధీనం.